ఫిక్సర్ వాసన

పోయిన ఆదివారం, నేను పని నేర్చుకున్న కుక్కల, పిల్లుల క్లినిక్ పెద్ద డాక్టరుగారి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్నగారివి రేకుపెట్టెలు రెండు అటక మీద ఉండిపోయాయి. నిండా పాత ఎక్స్‌రేలే. వెండి తీసేవాళ్లు తూకానికి కొంటామంటున్నారు. ఇచ్చేసేముందు ఒకసారి చూసుకుంటారా?" అని. ఆయన పోయి ఏడాది కావస్తోంది. చూసుకోవడానికేముంది, ఇచ్చెయ్యమ్మా అనబోయి, ఎందుకో వస్తున్నానన్నాను.

మూత ఎత్తగానే ముక్కుకు కొట్టింది. పుల్లగా, గొంతులోకి దిగి గీరుకునే వాసన. ఫిక్సర్. బొమ్మను తేల్చే డెవలపర్‌లోంచి తీసిన ఫిల్ము మీద ఆ బొమ్మ నిలవడానికి ముంచే రెండో ద్రావణం అది. ఆ తర్వాత పారే నీళ్లలో అరగంటన్నా కడగాలి. ఓపిక లేక పది నిమిషాలకే తీసి ఆరేస్తే ఫిల్ము ఏళ్ల తరబడి ఆ వాసన వదలదు, పైగా పచ్చబడుతుంది. పెట్టెలో సగం ఫిల్ములు పచ్చబడే ఉన్నాయి. ఆ సగాన్ని కడిగిందెవరో నాకు బాగా తెలుసు.

వెండి మాట నిజమే. ఎక్స్‌రేలో నల్లగా కనబడేదంతా సన్నటి వెండి పొడి. ఎముక ఉన్నచోట కిరణాలు ఆగిపోతాయి కాబట్టి అక్కడ వెండి మిగలదు, తెల్లగా ఉంటుంది. కొనేవాళ్లకు కావలసింది నలుపు. మేము జీవితమంతా చూసింది తెలుపు.

*

నేను ఆయన దగ్గర చేరినప్పుడు నాకు కోర్సు పూర్తయి నెల కూడా కాలేదు. చదువులో ఎక్కువ భాగం ఆవులూ గేదెలే. కుక్కలూ పిల్లులూ మాత్రమే చూసే క్లినిక్ అంటే అదేదో విలాసం అనుకునే రోజులు. "పశువుల డాక్టరువి కదా, కుక్కపిల్లలతో ఆడుకోవడమేంటి?" అని బంధువులు, "మనుషుల డాక్టరు సీటు రాలేదా?" అని పక్కింటివాళ్లు. రెండో ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. వాళ్లే రాత్రి పదకొండింటికి కుక్క విరేచనం ఫొటో తీసి పంపిస్తారు, అది వేరే సంగతి.

పొద్దున్నే క్లినిక్ తలుపు తీస్తే మొదట వినబడేది స్టెరిలైజర్ చప్పుడు. మరుగుతున్న నీళ్లలో గాజు సిరంజీలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. ప్రతి సిరంజీ గొట్టానికీ లోపలి పిస్టన్‌కీ ఒకే నంబరు ఉండేది. నంబరు మారితే మందు కారిపోవడమో పిస్టన్ బిగుసుకుపోవడమో ఖాయం. తడి ఆరకముందే పట్టకారుతో తీసి జంటలు కలపడం నా మొదటి ఉద్యోగం. మొద్దుబారిన సూదుల్ని కాంపౌండరు సానరాయి మీద పదును పెట్టి, తన ముంజేతి మీద ఆనించి చూసుకునేవాడు. ఇప్పుడు కాయితం కవరు చించి, ఒక్కసారి వాడి, డబ్బాలో పారేస్తాం. ఆ రోజులే బాగుండేవని నేననను. ఆ మొండి సూదులు గుచ్చించుకున్న కుక్కలు అసలే అనవు.

డార్క్‌రూమ్ అంటే మందుల స్టోరుకు నల్లగుడ్డ కట్టిన గది. ఎర్ర బల్బు ఒక్కటే. ఫిల్ము పెట్టిన క్యాసెట్ క్లిప్పులు టక్కుమని విప్పి, ఫిల్మును మూలల దగ్గర మాత్రమే పట్టుకుని, హ్యాంగరుకు తగిలించి తొట్టిలోకి దింపాలి. డెవలపర్ 20 డిగ్రీలుంటే 5 నిమిషాలు. నా చేతికి గడియారం లేదు, అందుకని ఎక్కాలు చదువుకునేదాన్ని. పదమూడో ఎక్కంతో మొదలుపెట్టి నెమ్మదిగా చదివితే పందొమ్మిదో ఎక్కం దగ్గర ఫిల్ము సిద్ధం. బయట గొలుసు గచ్చు మీద ఈడ్చుకునే చప్పుడు, కుక్క మూలుగు, దాన్ని పట్టుకున్నవాళ్లు "ఏం లేదు నాన్నా, అయిపోయింది" అని బుజ్జగించడం అన్నీ వినబడుతుంటాయి. తలుపు మాత్రం తియ్యకూడదు. "డాక్టరమ్మా, రావచ్చా?" అని కాంపౌండరు తలుపు మీద చెయ్యేస్తే చాలు, "వద్దూ!" అని అరిచేదాన్ని. పదిహేనో ఎక్కం దాటాక ద్రావణంలోంచి ఒకసారి పైకెత్తి ఎర్ర వెలుతురులో చూస్తే ముందు వెన్నుపూస, తర్వాత పక్కటెముకలు, చివరికి విరిగిన చోటు. కుక్క కాస్త కదిలిందా, అన్నీ చెరిగిపోయి కనబడేవి. మళ్లీ మొదటినుంచి, మళ్లీ పదమూడో ఎక్కం.

*

పెద్ద డాక్టరుగారికి తొందర ఉండేది కాదు. టేబుల్ మీదికి జంతువును ఎక్కించగానే నేను గబగబా స్టెతస్కోప్ పెట్టబోతే, "అమ్మాయ్, చేతులు వెనక్కి" అనేవారు. రెండు నిమిషాలు ముట్టుకోకూడదు. ఎలా నిలబడింది, ఏ కాలి మీద బరువు వేయట్లేదు, ఊపిరి పొట్టతో తీస్తోందా ఛాతీతో తీస్తోందా, ఇంటివాళ్లలో ఎవరివైపు చూస్తోంది. ఆ తర్వాత ముక్కు. మూత్రపిండాలు పాడైన పిల్లి నోటి దగ్గర అమోనియా ఘాటు ఉంటుంది. షుగరు బాగా ముదిరిన కుక్క ఊపిరిలో మగ్గిన పండు వాసన. ఈస్టు పట్టిన చెవి పులిసిన పిండిలా ఉంటుంది. "ముక్కు మూసుకునేవాళ్లు ఈ పనికి రారు" అనేవారు. నాకు మాత్రం ఆ చేతులు వెనక్కి పెట్టుకోవడం బడిలో గోడకుర్చీ వేయించినట్టు అనిపించేది.

ఒక మధ్యాహ్నం ఒకాయన కుక్కను తీసుకొచ్చాడు. దాని కింది దవడ వేలాడిపోయి ఉంది, సొంగ దారంలా కారుతోంది. "ఎముక ఇరుక్కుందమ్మా. రెండ్రోజులుగా తినట్లేదు, నీళ్లు కూడా దిగట్లేదు. కాస్త తీసెయ్యండి" అన్నాడు. కుక్క కోపంగా లేదు. ఎవరినీ కరిచే రకంలాగా లేదు. టార్చి పట్టుకుని చొక్కా చేయి పైకి మడిచాను. నా వేళ్లు దాని పెదవి దగ్గరికి వెళ్లాయి.

"చేతులు వెనక్కి!"

ఆయన గొంతు అంత పెద్దదని ఆ రోజే తెలిసింది. గది అవతలినుంచి దవడను చూశారు, కుక్క మొరిగినప్పుడు గొంతు మారిన తీరు విన్నారు, అంతే. కరిచే పిచ్చి అందరికీ తెలుసు. మూగగా, దవడ పడిపోయి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు వచ్చే రేబిస్ ఇంకా ప్రమాదం. ఎందుకంటే అది వైద్యుడి చేతిని నోట్లోకి పిలుస్తుంది. ఆ కుక్క మూడో రోజుకు పోయింది. మెదడు పరీక్షలో రేబిసేనని తేలింది. సొంగ తగిలిన ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆయనే టీకాలకు పంపించారు. నేను ముందుజాగ్రత్త టీకా వేయించుకున్నదాన్నే. అయినా పైడోసులు వేయించుకున్నాను, అయినా ఆ వారం నిద్రపట్టలేదు. లక్షణాలు మొదలైతే బతికినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలని మా పుస్తకాల్లోనే ఉంటుంది మరి. చదువుకునే రోజుల్లో తాను బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిపించుకున్న కథ ఆయన అప్పుడే చెప్పారు, నవ్వుతూ. మా చేతుల్లో టార్చి ఉంటే నోట్లో చెయ్యి పెట్టాలనిపించడం సహజమేనట. ఆయన కూడా పెట్టారట, ఒకసారి.

*

ఆయనకు బొమ్మలు గీసే పిచ్చి. మైక్రోస్కోప్‌లో ఏం కనబడినా పెన్సిలుతో రిజిస్టరులో గీసేవారు. కుడికన్ను కటకం మీద, ఎడమకన్ను కాగితం మీద, రెండూ తెరిచే. నేను ఎంత ప్రయత్నించినా నాకు తలనొప్పి వచ్చేది తప్ప గీత వచ్చేది కాదు. గజ్జి పురుగు గుండ్రంగా, పొట్టికాళ్ల తాబేలులా. డెమోడెక్స్ అనే చర్మపు పురుగు చుట్టలాగా పొడుగ్గా. పిడుదుల జ్వరంలో ఎర్రకణం లోపల బబీసియా అనే పరాన్నజీవి, రెండు కన్నీటిచుక్కలు మొనలు ఆనించుకున్నట్టు. దాని కోసం చెవి కొసన గుచ్చి తొలి చుక్క తీసుకోవాలనేవారు, సన్నటి రక్తనాళాల్లో ఎక్కువ దొరుకుతుందని. గుండెపురుగు పిల్లల్ని మాత్రం ఆయన గీయలేకపోయారు. రక్తంలో అవి పాముల్లా మెలికలు తిరుగుతూ చుట్టూ ఉన్న ఎర్రకణాలన్నిటినీ తోసేస్తాయి. "ఇది నిలబడదు, దీనికి బొమ్మ పనికిరాదు" అని ఆ పేజీ అలాగే వదిలేశారు.

పిల్లిని తెచ్చిన చిన్నపిల్ల ఒకతె గుర్తుంది. పిల్లి చెవుల్లో కాఫీపొడిలాంటి మురికి. ఆయన పుల్లతో కాస్త తీసి, నూనెచుక్కలో కలిపి, ఆ పిల్లను స్టూలెక్కించి చూడమన్నారు. చెవిపురుగులు నడుస్తాయి, తెల్లగా, కాళ్లు విదిలిస్తూ. అది చూసి ఆ పిల్ల వెనక్కి తగ్గి, పిల్లి తల మీద ముద్దు పెట్టబోయి ఆగి, "మా దానికి ఇన్నాళ్లూ లోపల నడుస్తున్నాయా?" అంది. ఆ నెల మందు ఒక్కపూట కూడా తప్పలేదని వాళ్లమ్మ చెప్పింది. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చినా రాని ఫలితం అది. కుట్లు వేసేటప్పుడు అదే పిల్ల, "క్యాట్‌గట్ అంటే పిల్లి పేగా?" అని అడిగింది. గొర్రె పేగమ్మా అంటే ఊపిరి పీల్చుకుంది. గొర్రె పాపం ఎవరికీ పట్టలేదు.

*

పార్వో, అంటే కుక్కపిల్లల పేగుల్ని పాడుచేసే వైరసు జబ్బు, ఆ రోజుల గురించి రాయకుండా ఉండలేను, రాయడమూ ఇష్టం లేదు.

1978కి ముందు కుక్కల్లో ఆ జబ్బు ఎవరికీ తెలియదు. పిల్లులకు వచ్చే పాత వైరసుకు దగ్గర చుట్టం ఒకటి కుక్కల్లోకి దిగి రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. మొదట్లో కుక్కల టీకా లేక పిల్లుల టీకానే కుక్కలకు వేసిచూశారు. ఆ కాలాన్ని పెద్ద డాక్టరుగారు చూశారు. "ఏ పుస్తకం తిరగేసినా లేదు అమ్మాయ్. పొద్దున ఆడుకున్న పిల్ల మర్నాటికి లేదు" అనేవారు.

నేను చూసినప్పటికి టీకా ఉంది, జబ్బూ ఉంది. ఆ వాసన ఒక్కసారి ముక్కుకెక్కితే గుమ్మంలోనే తెలిసిపోతుంది, నెత్తురూ పేగు పొరా కలిసిన తియ్యటి కుళ్లు. రాత్రంతా బోనుల ముందు కూర్చునేవాళ్లం. సెలైన్ సీసాలు మేకులకు వేలాడుతుండేవి. 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు. పంపులు లేవు కాబట్టి ఆయన గడియారం అరువు తీసుకుని చుక్కలు లెక్కపెట్టి చక్రం బిగించాలి. మూడు కిలోల పిల్లకు తొందరపడి ఎక్కించినా ముప్పే, తగ్గించినా ముప్పే. ఒక బోనులో పిల్ల పోతే పక్క బోనులోది వినేది. దానికి తెలుస్తుందని రుజువేమీ లేదుగానీ చెవి ఇటు తిప్పేది. నాలుగోరోజు దాకా నిలిచినవి చాలావరకు బతికేవి. తల ఎత్తి గిన్నెవైపు చూసి, ఒక్కసారి నాలుక తడుపుకుని మళ్లీ పడుకునేవి. ఆ ఒక్క చప్పుడు కోసం, నీళ్లలో నాలుక తగిలిన ఆ చప్పుడు కోసం ముగ్గురం లేచేవాళ్లం.

వైరసు నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిలుకు లొంగదు, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగాల్సిందే. చెప్పులు గుమ్మం దగ్గరే, బట్టలు అక్కడే మార్చుకోవడం. ఆ రోజుల్లో ఇంట్లో కుక్కపిల్లను పెంచుకోలేదు నేను. కుక్కల డాక్టరు ఇంట్లో కుక్క లేదేమని అందరూ అడిగేవారు.

"టీకా వేయించాం కదండీ!" అనే మాట కూడా అప్పటినుంచే వింటున్నాను. వేయించారు, ఒక్కటి. తల్లి పాలనుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలపాటు టీకాను పనిచెయ్యనివ్వదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు. అందుకే 16 వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వెయ్యాలి. అమ్మ ఇచ్చిన కవచమే అడ్డు పడుతుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ఈ మాట ఎన్ని వేలసార్లు చెప్పుంటానో.

*

రాత్రి ఫోన్లలో నాకు ఇష్టమైనది మూత్రం ఆగిపోయిన మగపిల్లి. ఇష్టమంటే తప్పుగా అనుకోవద్దు. ఇంటివాళ్లు మలబద్ధకమనుకుని తెస్తారు, ఇసుకపెట్టెలో కూర్చుని ముక్కుతోందని. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల మూత్రాశయం రాయిలా ఉంటుంది. అలాగే ఒకట్రెండు రోజులు వదిలేస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. మగపిల్లి నాళం చివర దారం దూరేంత సన్నం.

ఒక ముసలాయన తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ఆ రాత్రి పెద్ద డాక్టరుగారు ఊళ్లో లేరు. మత్తిచ్చి, సెలైన్ నిండిన సిరంజీ తగిలించి, కెథీటరు అనే సన్నటి గొట్టం పెడితే మొదట గోడకు తగిలినట్టు ఆగింది. కాస్త తోసి, కాస్త వెనక్కి తీసి, మళ్లీ. వేళ్లకు ఇసుక గీరుకుంటున్నట్టు తెలుస్తోంది. ఎంతసేపో. ఒక్కసారి అడ్డు జారింది, స్టీలు ట్రేలో ధార పడింది, ఎర్రగా, సన్నగా, ఆగకుండా. ఆ ముసలాయన కుర్చీలోంచి లేచి, "అదేనా?" అన్నాడు. అదే అన్నాను. ఆయన కళ్లు మూసుకుని ట్రే చప్పుడు వింటూ నిలబడ్డాడు. మేమిద్దరం ఆ చప్పుడు ఆగేదాకా ఏమీ మాట్లాడుకోలేదు.

*

చివరి ఇంజెక్షన్ మాత్రం ఆయన నా చేత చాలాకాలం చేయించలేదు. పక్కన నిలబెట్టేవారు. ముందుకాలి మీద చిన్న చదరం గొరిగి, సూది నిలిపి, కట్టు కట్టేసేవారు. అది ఇంటివాళ్లు రాకముందే. వాళ్లు వచ్చాక చెప్పేవారు: "కళ్లు మూసుకోదమ్మా, తెరిచే ఉంటాయి. గుండె ఆగాక కూడా ఒకట్రెండు పెద్ద ఊపిర్లు రావచ్చు, బతికుందని కాదు." ఆ రెండు ముక్కలు ముందే చెప్పకపోతే జీవితాంతం వాళ్లకు ఆ ఊపిరే గుర్తుంటుందట. తర్వాత స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు వినేవారు. అంత అవసరం లేదు, ఆగిపోయిందని ఎప్పుడో తెలుసు. వెయిటింగ్ గదిలోంచి పోనక్కర్లేకుండా వాళ్లను వెనక తలుపునుంచి పంపించేవారు. బిల్లు మాట ఆ రోజు ఎత్తకూడదు.

తర్వాతి నంబరు ఎప్పుడూ మొదటి టీకాకు వచ్చిన కుక్కపిల్లే అయ్యేది. ఆ రెండు తలుపుల మధ్య ఆయన ట్యాపు తిప్పి చేతులు కడుక్కునేవారు, అవసరమైనదానికంటే ఎక్కువసేపు. మా వృత్తిలో తమ ప్రాణాలు తామే తీసుకునేవాళ్లు ఎక్కువని ఈమధ్య పరిశోధనలు బయటికొస్తున్నాయి. చదివినప్పుడల్లా నాకు ఆ ట్యాపు చప్పుడే గుర్తొస్తుంది. మేము దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సింది.

*

పెట్టె అడుగున ఆ ఫిల్ము దొరికింది.

కడుపుతో ఉన్న లాబ్రడార్. కుక్కకు 63 రోజుల గర్భం. 45 రోజులు దాటాక పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో పడతాయి. ఎన్నున్నాయో ముందే తెలిస్తే, ఈనేటప్పుడు ఇంకా లోపల మిగిలిందా లేదా అని కంగారుండదు. "తలలు లెక్కపెట్టు, వెన్నెముకలు లెక్కపెట్టు, రెండూ కలిస్తేనే నోరు విప్పు" అనేవారు. ఆయన ఆరన్నారు. నేను ఏడన్నాను. ఆఖరి పక్కటెముక వెనక సన్నటి గొలుసులాంటిది ఒకటి కనబడుతోంది నాకు. "తల్లి ఎప్పుడో మింగిన ఎముక ముక్క అయ్యుంటుంది" అని ఆయన ఇంటివాళ్లకు ఆరని చెప్పి పంపించేశారు. వాళ్లు రాత్రి ఫోన్ చేశారు, ఆరూ వచ్చేశాయని. తెల్లవారుజామున మళ్లీ చేశారు. ఇంకోటి. బతికే ఉంది.

ఆయన ఫోన్ పెట్టేసి మైక్రోస్కోప్ కటకం తుడుచుకుంటూ కూర్చున్నారు. నాతో ఏమీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. నేను మాత్రం కాంపౌండరుకు, అతని ద్వారా అందరికీ తెలిసేలా చూసుకున్నాను. చిన్నతనం.

ఫిల్ము మూల తెల్ల పెన్సిలుతో రాసిన 6 ఉంది. దాని మీద అడ్డంగా గీత. పక్కన 7. ఆ పక్కన నా పేరులో మొదటి అక్షరం, ఆయన దస్తూరిలో.

కిటికీ అద్దానికి ఆనించి తలలు లెక్కపెట్టాను. ఆరు. వెన్నెముకలు లెక్కపెట్టాను. ఆరు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఫిల్మును కాస్త వెలుతురువైపు వంచి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. వెనకనుంచి వాళ్లమ్మాయి, "అక్కా, తూకం వాళ్లు వచ్చారు" అంటోంది.